ఉచిత విమానం ఎక్కే ముందు...

పెద్దాసుపత్రి వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జబ్బుతో అంత దూరం ప్రయాణం కష్టం. ఖర్చు భరించటం ఇంకా కష్టం. అలాంటప్పుడు ఎవరో ఒక పైలట్‌ ‘నా సొంత విమానంలో తీసుకెళ్తా, పైసా ఇవ్వక్కర్లేదు’ అంటే? ఆస్ట్రేలియా, అమెరికా వంటి దేశాల్లో ఇలాంటి సేవ ఏళ్ల తరబడి నడుస్తోంది. మారుమూల ఊళ్లలోని ఎంతోమంది రోగులకు అదో పెద్ద ఆసరా. అయితే కొన్ని ఘోర ప్రమాదాల తర్వాత అక్కడి ప్రభుత్వాలకు ఒక చిక్కు ప్రశ్న ఎదురైంది. సేవ చేస్తామని ముందుకొచ్చిన వారికి ఎన్ని నిబంధనలు పెట్టాలి? మరీ ఎక్కువ పెడితే సేవే ఆగిపోవచ్చు. అసలు పెట్టకపోతే ప్రాణాలకే ముప్పు. రోగిని ఏ వాహనంలోనైనా దూరం తీసుకెళ్లాల్సి వచ్చే ప్రతి కుటుంబమూ ఆలోచించాల్సిన విషయమిది.

దూరమే అసలు జబ్బు

ఆదిలాబాద్‌ నుంచి హైదరాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్లు. నెలనెలా పరీక్షల కోసం ఇంత దూరం వచ్చి వెళ్లే రోగుల అవస్థ మనకు తెలిసిందే. ఆస్ట్రేలియాలో ఈ దూరాలు ఇంకా ఎక్కువ. దేశం చాలా పెద్దది, జనాభా తక్కువ. పెద్ద వైద్యులంతా తీరంలోని నగరాల్లోనే ఉంటారు. ఉదాహరణకు మౌంట్‌ గాంబియర్‌ అనే పట్టణం నుంచి అడిలైడ్‌ నగరానికి రోడ్డు మీద 400 కిలోమీటర్లకు పైనే. కారులో నాలుగున్నర నుంచి అయిదు గంటలు పడుతుంది. కీమోథెరపీ చేయించుకున్నవారికో, నడుం నొప్పితో బాధపడేవారికో, చంటిబిడ్డతో వెళ్లే తల్లికో ఇది మాటలు కాదు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావటం కుదరదు. హోటల్లో ఉండాలి, తోడు వచ్చినవారు పని మానుకోవాలి. దీంతో చాలామంది ‘వచ్చే నెల చూద్దాంలే’ అని పరీక్షలు వాయిదా వేస్తుంటారు. జబ్బు ముదిరాక గానీ కదలరు.

ఈ ఇబ్బందిని చూసే 2003లో అక్కడ బిల్‌ బ్రిస్టో అనే పారిశ్రామికవేత్త ‘ఏంజెల్‌ ఫ్లైట్‌’ సంస్థను ప్రారంభించారు. ఆయన స్వయంగా పైలట్‌. దీని పద్ధతి తేలికైనది. స్థానిక వైద్యుడో, ఆసుపత్రి సిబ్బందో రోగి వివరాలు పంపిస్తారు. సంస్థ ఆ వివరాలను తన దగ్గర పేర్లు నమోదు చేసుకున్న పైలట్ల ముందు పెడుతుంది. వీలున్న పైలట్‌ తన సొంత విమానంలోనో, అద్దెకు తెచ్చుకున్న చిన్న విమానంలోనో రోగిని, తోడుగా వచ్చేవారిని తీసుకెళ్తారు. విమానం దిగాక ఆసుపత్రి వరకూ కారులో దింపటానికి మరో స్వచ్ఛంద కార్యకర్త సిద్ధంగా ఉంటారు. రోగి నుంచి ఒక్క డాలరు కూడా తీసుకోరు. పైలట్‌కు జీతం ఉండదు, ఇంధన ఖర్చులో కొంత సాయం అందుతుంది. వీరిలో రైతులు, వ్యాపారులు, ఉద్యోగ విరమణ చేసినవారు... ఇలా రకరకాల వాళ్లుంటారు.

ఇది అంబులెన్స్‌ కాదు

చాలామంది పొరపడేది ఇక్కడే. విమానంలో రోగిని తీసుకెళ్తున్నారంటే అది ‘ఎయిర్‌ అంబులెన్స్‌’ అనుకుంటారు. కానే కాదు. ఆస్ట్రేలియాలో అత్యవసర రోగుల కోసం 1928 నుంచే ‘రాయల్‌ ఫ్లయింగ్‌ డాక్టర్‌ సర్వీస్‌’ ఉంది. జాన్‌ ఫ్లిన్‌ అనే మత బోధకుడి చొరవతో అది క్లాన్‌కరీ అనే చిన్న పట్టణంలో మొదలైంది. ఇందులో విమానాన్ని నడిపేది జీతం తీసుకునే వృత్తి పైలట్లు. లోపల నర్సు ఉంటారు, అవసరమైతే వైద్యుడూ ఉంటారు. ఆక్సిజన్‌, స్ట్రెచర్‌, మానిటర్‌ వంటివన్నీ సిద్ధంగా ఉంటాయి.

స్వచ్ఛంద పైలట్ల విమానంలో ఇవేమీ ఉండవు. అందులో ఎక్కేవారు తమంతట తాము నడవగలగాలి, సీట్లో కూర్చోగలగాలి, దారిలో వైద్య సాయం అవసరం లేనివారై ఉండాలి. ముందే అపాయింట్‌మెంట్‌ ఉన్న పరీక్షలకు, చికిత్సకు, తిరిగి ఇంటికి వెళ్లటానికి మాత్రమే ఈ సేవ. మరోలా చెప్పాలంటే మన పక్కింటాయన ‘రండి, నా కారులో ఆసుపత్రిలో దింపుతా’ అనటం లాంటిది. ఆ కారు గాల్లో ఎగురుతుంది, అంతే తేడా. చిక్కంతా ఆ తేడాలోనే ఉంది.

రెండు ప్రయాణాలు... ఆరు ప్రాణాలు

2011 ఆగస్టు 15. మెల్‌బోర్న్‌లో చికిత్స ముగించుకున్న ఓ టీనేజీ అమ్మాయి, ఆమె తల్లి ఒక చిన్న విమానంలో నిల్‌ అనే ఊరికి తిరుగు ప్రయాణమయ్యారు. దారిలోనే చీకటి పడింది. వాతావరణం బాగాలేదు. కింద లైట్లు పెద్దగా కనిపించని గ్రామీణ ప్రాంతం. హార్షమ్‌ పట్టణానికి ఉత్తరాన విమానం పొలాల్లో కూలిపోయింది. పైలట్‌తో సహా ముగ్గురూ ప్రాణాలు కోల్పోయారు.

ఆరేళ్ల తర్వాత 2017 జూన్‌ 28న మౌంట్‌ గాంబియర్‌లో మరో ప్రమాదం. ఈసారీ అడిలైడ్‌లో అపాయింట్‌మెంట్‌ కోసం బయల్దేరిన ఓ తల్లి, టీనేజీ కూతురు. పొద్దుటిపూట. విమానాశ్రయం మీద మేఘాలు బాగా కిందికి దిగి ఉన్నాయి, పొగమంచు పట్టి ఉంది. విమానం పైకి లేచిన నిమిషానికే నేలకూలింది. ముగ్గురూ చనిపోయారు. విచిత్రమేమిటంటే మౌంట్‌ గాంబియర్‌ నుంచి అడిలైడ్‌కు మామూలు ప్రయాణికుల విమాన సర్వీసులూ ఉన్నాయి.

ఈ రెండు ప్రమాదాలపైనా ‘ఆస్ట్రేలియన్‌ ట్రాన్స్‌పోర్ట్‌ సేఫ్టీ బ్యూరో’ దర్యాప్తు జరిపింది. ఇంజిన్‌ చెడిపోవటమో, రెక్క విరగటమో వీటికి కారణంగా తేలలేదు. రెండింటిలోనూ కనిపించింది ఒకే తరహా సమస్య. బయట ఏమీ కనిపించని పరిస్థితిలో పైలట్‌కు విమానం ఎటు వంగుతోందో, ఎటు పోతోందో అర్థం కాకపోవటం, దాంతో అదుపు తప్పటం.

చెవి చేసే మోసం

నేల మీద మనం తూలకుండా నిలబడటానికి కళ్లు, కండరాలు, కీళ్లతో పాటు లోపలి చెవి కూడా తోడ్పడుతుంది. చెవి లోపల అర్ధచంద్రాకారంలో మూడు సన్నని గొట్టాలుంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు ఈ ద్రవం కదిలి, అక్కడి సున్నితమైన రోమ కణాలను వంచుతుంది. ‘ఇటు తిరుగుతున్నావు’ అనే సంకేతం మెదడుకు చేరేది ఇలాగే. ఈ ఏర్పాటు నడవటానికి, పరుగెత్తటానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఎగరటానికి మాత్రం పనికిరాదు.

చిన్నప్పుడు గిరగిరా తిరిగి ఒక్కసారిగా ఆగిపోయే ఆట గుర్తుందా? ఆగిన తర్వాత కూడా లోకమంతా తిరుగుతున్నట్టే ఉంటుంది. విమానం మేఘాల్లో ఒకే వేగంతో మెల్లగా ఒక పక్కకు తిరుగుతుంటే కాసేపటికి చెవిలోని ద్రవం కూడా ఆ వేగాన్ని అందుకుంటుంది. ఇక తిరుగుతున్నట్టే అనిపించదు. అప్పుడు పైలట్‌ విమానాన్ని సరిచేస్తే ‘రెండో పక్కకు పడిపోతున్నాను’ అనిపిస్తుంది. దాంతో మళ్లీ మొదటి పక్కకే వంచుతారు. అలాగే విమానం పైకి లేస్తూ వేగం పుంజుకునేటప్పుడు ముక్కు ఆకాశం వైపు బాగా లేచిపోతున్నట్టు భ్రమ కలుగుతుంది. దాన్ని సరిచేయాలని ముక్కును కిందికి దించితే నేల ఎంతో దూరంలో ఉండదు.

కిటికీలోంచి నేల, దిగంతం కనిపిస్తున్నంత సేపూ కళ్లు ఈ తప్పును దిద్దుతాయి. అవి కనిపించకపోతే ముందున్న పరికరాలను మాత్రమే నమ్మి నడపాలి. శరీరం మొత్తం ‘అది తప్పు’ అని గోల పెడుతున్నా పరికరం చెప్పిందే నిజమని నమ్మటానికి ప్రత్యేక శిక్షణ, తరచూ సాధన కావాలి. అమెరికాలోని ఇల్లినాయిస్‌ విశ్వవిద్యాలయం 1954లో దీనిపై ఓ అధ్యయనం చేసింది. పరికరాల శిక్షణ లేని 20 మందిని బయట ఏమీ కనిపించని పరిస్థితిలో విమానం నడపమన్నారు. ఇరవై మందీ అదుపు కోల్పోయే స్థితికి చేరుకున్నారు. దానికి పట్టిన సగటు సమయం 178 సెకన్లు, అంటే మూడు నిమిషాలైనా లేదు. మంచితనం, ధైర్యం, ఏళ్ల అనుభవం ఇవేవీ చెవిలోని ద్రవాన్ని మార్చలేవు.

మంచి మనసే ఒత్తిడి అయితే?

సొంత సరదా కోసం ఎగిరే పైలట్‌ వాతావరణం బాగాలేదంటే విమానాన్ని షెడ్డులోనే ఉంచేసి ఇంటికెళ్లిపోతారు. అడిగేవారుండరు. కానీ పక్కన ఓ పాప, వాళ్లమ్మ బ్యాగుతో నిలబడి ఉంటే? డాక్టర్‌ అపాయింట్‌మెంట్‌ పదకొండింటికి అని తెలిస్తే? మళ్లీ అపాయింట్‌మెంట్‌ దొరకాలంటే రెండు నెలలు ఆగాలంటే? ‘ఈ కాస్త మబ్బుకే వెనక్కి తగ్గుతామా’ అనిపించటం మానవ సహజం. ఎంత మంచివారైతే ఆ ఒత్తిడి అంత ఎక్కువ. వృత్తి పైలట్లకు ఇలాంటి సమయంలో కంపెనీ నిబంధనలు అండగా ఉంటాయి. ఫలానా పరిస్థితిలో బయల్దేరకూడదని ముందే రాసి ఉంటుంది కాబట్టి ప్రయాణికుల ముఖం చూసి మొహమాటపడాల్సిన పని లేదు. స్వచ్ఛంద పైలట్‌ మాత్రం ఆ నిర్ణయాన్ని ఒంటరిగా తీసుకోవాలి.

దర్యాప్తు సంస్థ 2019 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఈ విషయాన్ని ప్రస్తావించింది. సేవా ప్రయాణాల్లో అదనంగా ఉండే ఇలాంటి ముప్పులను తగ్గించటానికి ఏంజెల్‌ ఫ్లైట్‌ తన పైలట్లకు తగిన మార్గదర్శకత్వం ఇవ్వలేదని, తగిన కట్టుబాట్లు పెట్టుకోలేదని తేల్చింది. మామూలు విమాన సర్వీసు ఉన్నచోట దాని వల్ల భద్రత పెరుగుతుందనే విషయాన్ని సంస్థ లెక్కలోకి తీసుకోలేదనీ చెప్పింది. అలాంటి చోట్ల టికెట్‌ కొని పంపించే విషయం ఆలోచించాలని సూచించింది.

ఒకే ఆకాశం... వేర్వేరు మెట్లు

విమానయానంలో భద్రత అంతటా ఒకేలా ఉండదు. ఎయిర్‌లైన్స్‌ది పై మెట్టు. ఇద్దరు పైలట్లు, తరచూ పరీక్షలు, సిమ్యులేటర్‌ శిక్షణ, విమానాలకు నిరంతర తనిఖీలు ఉంటాయి. దాని కింద అద్దెకు నడిచే చిన్న విమానాలు. వీటికీ అనుమతి, కంపెనీ నిబంధనలు, పర్యవేక్షణ ఉంటాయి. అన్నింటికన్నా కింది మెట్టు సొంత విమానాలు. ఇక్కడ నిబంధనలు తక్కువ. దీనికో కారణముంది. సొంత విమానం నడిపే వ్యక్తి తన ప్రాణాన్నే పణంగా పెడతారు. వెంట వచ్చేది కుటుంబ సభ్యులో, స్నేహితులో. ఆయన ఎంత బాగా నడుపుతారో, ఆ విమానం ఎలా ఉందో వారికి తెలిసే అవకాశముంది. ఇష్టముంటే ఎక్కుతారు, లేదంటే మానేస్తారు.

సేవా విమానంలో ఎక్కే రోగి సంగతి వేరు. పైలట్‌ ఎవరో అప్పటివరకూ తెలియదు. పంపించింది తమ ఊరి వైద్యుడు, ఏర్పాటు చేసింది పేరున్న సంస్థ. కాబట్టి అంతా ఎయిర్‌లైన్స్‌ లాగానే పక్కాగా ఉంటుందని నమ్ముతారు. పైగా అవసరంలో ఉన్నవారు ‘కాదు’ అనలేరు. పుణ్యానికి తీసుకెళ్తుంటే ప్రశ్నలేమిటని మొహమాటం కూడా. అంటే చట్టం దృష్టిలో కింది మెట్టు మీదున్న ప్రయాణాన్ని రోగి పై మెట్టు మీద ఉందనుకుని ఎక్కుతున్నారు. నిబంధనలు కావాలా వద్దా అన్న చర్చకు మూలం ఇదే.

నిబంధనలు వచ్చాయి... గొడవా వచ్చింది

ఆస్ట్రేలియా పౌర విమానయాన భద్రతా సంస్థ కాసా 2019 మార్చిలో ఇలాంటి ప్రయాణాలకు ప్రత్యేక షరతులు తెచ్చింది. వీటికి ‘కమ్యూనిటీ సర్వీస్‌ ఫ్లైట్స్‌’ అని పేరు పెట్టింది. పైలట్‌కు కనీస అనుభవం ఉండాలంది. ఆ తరహా విమానాన్ని ఇటీవలి కాలంలో నడిపి ఉండాలంది. ప్రయాణం వివరాలు ముందే తెలియజేయాలి, లాగ్‌బుక్‌లో నమోదు చేయాలి. ప్రతి 100 గంటల ప్రయాణానికి లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు విమానాన్ని తనిఖీ చేయించాలి. పరికరాల సాయంతో నడిపే అర్హత లేకుండా, కేవలం కంటిచూపును నమ్ముకుని రాత్రిపూట రోగులను తీసుకెళ్లకూడదు. హెలికాప్టర్లు వాడకూడదు.

చదివితే ఇవన్నీ సబబుగానే అనిపిస్తాయి. కానీ ఏంజెల్‌ ఫ్లైట్‌, చాలామంది పైలట్లు గట్టిగా వ్యతిరేకించారు. వారి వాదనలోనూ బలముంది. రెండు ప్రమాదాలకూ ఇంజిన్‌ లోపం కారణం కానప్పుడు తనిఖీల ఖర్చు పెంచటం ఎందుకని అడిగారు. శిక్షణ లేనివారు మేఘాల్లోకి వెళ్లకూడదన్న నిబంధన ముందు నుంచీ ఉంది. దాన్ని పాటించకపోవటం సమస్య అయితే కొత్త షరతులు ఏం చేస్తాయని ప్రశ్నించారు. ఖర్చు, కాగితాల పని పెరిగితే పైలట్లు తప్పుకొంటారు, అప్పుడు రోగులు మళ్లీ రాత్రంతా కారు నడుపుకొంటూ వెళ్లాలి, రోడ్డు మీద ప్రమాదాలు జరగవా అన్నారు.

దర్యాప్తు సంస్థ చెప్పిన ఓ అంకె మీద కూడా వాదన నడిచింది. ఇతర ప్రైవేటు విమాన ప్రయాణాలతో పోలిస్తే సేవా ప్రయాణాల్లో ప్రాణాంతక ప్రమాదాల రేటు ఏడు రెట్లకు పైగా ఉందని నివేదిక పేర్కొంది. రోగిని ఎక్కించుకోవటానికి పైలట్‌ ఒక్కడే ఖాళీగా వెళ్లే ప్రయాణాలను లెక్కలో కలపలేదని సంస్థ అభ్యంతరం చెప్పింది. ఇక్కడ మనమూ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ లెక్కంతా రెండు ప్రమాదాల మీద ఆధారపడింది. సంఖ్య ఇంత చిన్నదైనప్పుడు ఒక్క ఘటన అటూ ఇటూ అయితే రేటు బాగా మారిపోతుంది. కాబట్టి ‘ఏడు రెట్లు’ అన్న అంకెను రాతి మీద గీతలా చూడకూడదు. అలాగని కొట్టిపారేయనూ కూడదు. రెండు ప్రమాదాలూ ఒకే తరహాలో జరగటం కాకతాళీయమని సరిపెట్టుకోలేం కదా.

ఏంజెల్‌ ఫ్లైట్‌ ఈ షరతులపై ఫెడరల్‌ కోర్టుకు వెళ్లింది. 2021లో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. షరతులు అమల్లోనే ఉన్నాయి.

నిష్పక్షపాతంగా చూస్తే రాత్రిపూట ప్రయాణంపై పెట్టిన షరతు 2011 నాటి ప్రమాదానికి నేరుగా సమాధానం. 2017 నాటి ప్రమాదం మాత్రం పట్టపగలు జరిగింది. దానికి పైలట్‌ మీద పెట్టే షరతు ఒక్కటే చాలదు. ‘ఈ రోజు వద్దు’ అని చెప్పే వెసులుబాటును సంస్థ కల్పించాలి. ప్రయాణం ఆగితే రోగికి మరో దారి సిద్ధంగా ఉండాలి. అది టికెట్‌ కావచ్చు, కారు కావచ్చు, అపాయింట్‌మెంట్‌ తేదీ మార్చుకునే వీలు కావచ్చు. ప్రత్యామ్నాయం ఉందని తెలిస్తే పైలట్‌ మీద ఒత్తిడి సగం తగ్గుతుంది.

అమెరికా దారి వేరు

అమెరికాలో ఇలాంటి స్వచ్ఛంద సంస్థలు చాలా ఉన్నాయి. అక్కడ చర్చ డబ్బు దగ్గర మొదలైంది. ప్రైవేటు పైలట్‌ ప్రయాణికుల దగ్గర ప్రతిఫలం తీసుకోకూడదన్నది నిబంధన. మరి సంస్థ ఇంధనం ఖర్చు ఇస్తే అది ప్రతిఫలం కిందికి వస్తుందా? ఈ చిక్కును తీరుస్తూ, స్వచ్ఛంద వైద్య ప్రయాణాలకు ఇంధన ఖర్చు తిరిగి ఇవ్వొచ్చని 2012లో చేసిన చట్టంలో వెసులుబాటు కల్పించారు.

భద్రత విషయంలో అక్కడి నేషనల్‌ ట్రాన్స్‌పోర్టేషన్‌ సేఫ్టీ బోర్డు 2010లో కొన్ని సూచనలు చేసింది. 2007, 2008ల్లో జరిగిన నాలుగు ప్రమాదాల్లో ఎనిమిది మంది చనిపోవటం దీనికి కారణం. పైలట్‌ అర్హతలు, ఇటీవలి అనుభవం సరిగా ఉన్నాయో లేదో సంస్థలు ప్రతి ప్రయాణానికీ ముందు సరిచూసుకోవాలని చెప్పింది. అంతకన్నా ముఖ్యమైన సూచన మరొకటి. ‘ఈ ప్రయాణం మామూలు వాణిజ్య విమానాల ప్రమాణాలతో జరగదు’ అని రోగికి ముందే, విమానం గురించి అడిగినప్పుడే చెప్పాలంది. చివరి నిమిషంలో రన్‌వే పక్కన నిలబెట్టి కాగితం మీద సంతకం చేయించుకోవటం కాదు. ఇంట్లో కూర్చుని ఆలోచించుకునే సమయం ఉండగానే చెప్పటం.

కెనడాలోని ‘హోప్‌ ఎయిర్‌’ది ఇంకో పద్ధతి. 1986 నుంచి పనిచేస్తున్న ఈ సంస్థ స్వచ్ఛంద పైలట్ల సాయం తీసుకుంటూనే రోగులను ప్రధానంగా మామూలు ఎయిర్‌లైన్స్‌ విమానాల్లో పంపిస్తుంది. సేవ అంటే సొంతంగా విమానం నడపటమే కానక్కర్లేదు, ఒక టికెట్‌ కొనివ్వటం కూడా సేవేనన్న మాట.

మన దగ్గర ఎలా?

మన దేశంలో సొంత విమానాలు అరుదు. ప్రైవేటు పైలట్‌ లైసెన్సు ఉన్నవారు అద్దెకో, ప్రతిఫలానికో విమానం నడపకూడదు. ఎయిర్‌ అంబులెన్స్‌ నడపాలంటే పౌర విమానయాన డైరెక్టరేట్‌ డీజీసీఏ అనుమతి ఉన్న ఆపరేటర్‌ అయి ఉండాలి. కాబట్టి స్వచ్ఛంద పైలట్ల సేవ మనకు పెద్దగా ఎదురుకాదు. అయితే అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో చిన్న పట్టణాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకు, వారి దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు ఇలాంటి సాయం అందే అవకాశముంది. అక్కడి ఆసుపత్రి వాళ్లు ‘ఉచిత విమానం ఉంది’ అంటే దాని అర్థమేమిటో తెలిసి ఉండటం మంచిది.

ఇక నేల మీద ఇదే సమస్య మనకు రోజూ కనిపిస్తుంది. డయాలసిస్‌ రోగులను సొంత కారులో దింపే కుర్రాళ్లు, కంటి శిబిరానికి వృద్ధులను వ్యానులో తీసుకెళ్లే యువజన సంఘాలు, దాతలు కొనిచ్చిన ఉచిత అంబులెన్స్‌లు... వీరందరిదీ మంచి మనసే. కానీ డ్రైవరు రాత్రంతా నిద్రపోయాడా? బండికి ఫిట్‌నెస్‌ ఉందా? ఎనిమిది మంది పట్టే వ్యానులో పద్నాలుగు మందిని ఎక్కిస్తున్నారా? బీమా వర్తిస్తుందా? సొంత కారుకు తీసుకునే ప్రైవేటు బీమా పాలసీ కిరాయికి తిప్పితే వర్తించదన్నది చాలామందికి తెలియదు. డీజిల్‌ ఖర్చుల పేరుతో మనిషికింత అని వసూలు చేసే ముందు బీమా కంపెనీని అడిగి తెలుసుకోవటం అవసరం. ‘అంబులెన్స్‌’ అని రాసి ఉన్న ప్రతి బండిలోనూ ఆక్సిజన్‌, శిక్షణ పొందిన సిబ్బంది ఉంటారనుకోవటం కూడా పొరపాటే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 108కే ఫోన్‌ చేయాలి.

ముందే తేదీ తెలిసిన చికిత్సలకు ఉన్న వసతులను కూడా మనం పూర్తిగా వాడుకోవటం లేదు. క్యాన్సర్‌ రోగులకు చికిత్స కోసం వెళ్లివచ్చేటప్పుడు రైల్లో స్లీపర్‌, థర్డ్‌ ఏసీ తరగతుల్లో చార్జీ పూర్తిగా మాఫీ. డయాలసిస్‌, తలసేమియా, గుండె శస్త్రచికిత్స రోగులకూ రాయితీ ఉంది. తోడు వెళ్లేవారికీ తగ్గింపు లభిస్తుంది. ఆసుపత్రి నుంచి నిర్ణీత పత్రం తీసుకుంటే చాలు.

విమానం ఎవరికి పడదు?

పెద్ద విమానాల్లో లోపలి గాలి ఒత్తిడిని సముద్రమట్టానికి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉండేంతగా ఉంచుతారు. చిన్న విమానాల్లో చాలావాటికి ఈ ఏర్పాటు ఉండదు. ఎంత ఎత్తుకు వెళ్తే అక్కడి పలుచని గాలే లోపలా ఉంటుంది. ఎత్తుకు వెళ్లినకొద్దీ రెండు మార్పులు జరుగుతాయి. ఒకటి, రక్తంలో ఆక్సిజన్‌ తగ్గుతుంది. రెండు, శరీరంలో చిక్కుకున్న గాలి వ్యాకోచిస్తుంది. అందుకే కింది సమస్యలున్నవారు చిన్న విమానమైనా, పెద్ద విమానమైనా వైద్యుడి సలహా లేకుండా ఎక్కకూడదు.

* ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరినవారు. పూర్తిగా తగ్గిందని ఎక్స్‌రేలో తేలాకే ప్రయాణం.
* రెటీనా శస్త్రచికిత్సలో కంటిలో గ్యాస్‌ బుడగ ఉంచినవారు. అది కరిగిపోయే వరకూ విమానం ఎక్కితే కంటి ఒత్తిడి పెరిగి చూపుకే ప్రమాదం.
* ఇటీవల కడుపు, ఛాతీ, మెదడు శస్త్రచికిత్స జరిగినవారు.
* ఇటీవల గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు.
* తీవ్ర రక్తహీనత, సికిల్‌ సెల్‌ జబ్బు, సీవోపీడీ ఉన్నవారు.
* ఎముక విరిగి ఒకటి రెండు రోజుల కిందటే పూర్తి పిండికట్టు వేయించుకున్నవారు. లోపల వాపు పెరిగి రక్తప్రసారం దెబ్బతినొచ్చు.
* కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టినవారు, నెలలు నిండిన గర్భిణులు.

మామూలు ఎయిర్‌లైన్స్‌ అయితే ఇలాంటివారి నుంచి ‘ఫిట్‌ టు ఫ్లై’ పత్రం అడుగుతాయి. అడగకపోయినా మన వైద్యుడిని అడిగి తెలుసుకోవటం మన బాధ్యత.

ఎక్కే ముందు ఈ ప్రశ్నలు అడగండి

సాయం చేసేవారిని ప్రశ్నిస్తే నొచ్చుకుంటారేమోనని వెనకాడొద్దు. పద్ధతిగా పనిచేసేవారు ఇలాంటి ప్రశ్నలను ఆహ్వానిస్తారు. విమానానికైనా, వ్యానుకైనా ఇవే ప్రశ్నలు.

* నడిపేవారికి ఇలాంటి ప్రయాణంలో అనుభవం ఎంత? ఈ మధ్య నడిపారా? విమానమైతే పరికరాల సాయంతో నడిపే అర్హత ఉందా?
* వాహనాన్ని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేయించారు?
* మేం రోగులమని, మా ఇబ్బంది ఇదని నడిపేవారికి తెలుసా? దారిలో ఒంట్లో బాగాలేకపోతే ఏం చేస్తారు?
* బీమా ఉందా? ప్రయాణికులకూ వర్తిస్తుందా? సంతకం పెట్టమంటున్న కాగితంలో ఏముంది?
* రాత్రిపూట ప్రయాణం తప్పనిసరా? మర్నాడు వెళ్లే వీలుందా?
* వాతావరణం బాగాలేకపోతే మాకు మరో దారి ఏమిటి?

ఈ చివరి ప్రశ్న అన్నింటికన్నా ముఖ్యం. ప్రయాణం ఖాయమైన రోజే ఆసుపత్రికి ఫోన్‌ చేసి, రాలేకపోతే అపాయింట్‌మెంట్‌ ఎప్పటికి మారుస్తారో కనుక్కోండి. ఆ తేదీని పైలట్‌కో, డ్రైవరుకో కూడా చెప్పండి. ‘బాబూ, ఇవాళ కుదరకపోతే వచ్చే వారం వెళ్తాం, మా కోసం తొందరపడొద్దు’ అన్న ఒక్క మాటతో వారి భుజాల మీది బరువు దిగుతుంది. మీ ప్రయాణానికీ అది రక్ష.